జలుబుకు యాంటీబయాటిక్ వద్దు

సంపాదకులకు,

పసిపిల్లల్లో న్యుమోనియాకూ చెవిపోటుకూ కారణమయ్యే న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా మందులకు ఎందుకు లొంగడం లేదో తల్లిదండ్రులకు వివరంగా తెలియాలి. ఆరోగ్యంగా ఉన్న పిల్లల ముక్కు లోపల కూడా వారాల తరబడి తిష్ఠవేసే ఈ సూక్ష్మజీవి, పక్కన చచ్చిన బ్యాక్టీరియా వదిలిన డీఎన్ఏ ముక్కలను లోపలికి లాక్కుని తన జన్యువుల్లో కలుపుకుంటుంది. 1928లో గ్రిఫిత్ అనే శాస్త్రవేత్త ఎలుకలపై చేసిన ప్రయోగంలో బయటపడింది ఈ జీవిలోని ఈ గుణమే; అది డీఎన్ఏ పనేనని 1944లో ఏవరీ అనే శాస్త్రవేత్త బృందం తేల్చింది. పెన్సిలిన్ అతుక్కోవలసిన ప్రోటీన్ల జన్యువుల్లో, నోట్లో ఉండే, దీనికి దగ్గరి బంధువులైన ఇతర స్ట్రెప్టోకాకస్‌ల ముక్కలు చేరేసరికి ఆ ప్రోటీన్ల రూపు మారి మందుకు పట్టు దొరకడం లేదు.

మామూలు జలుబు వైరస్ వల్ల వస్తుంది. కిందటిసారి సీసాలో మిగిలిన యాంటీబయాటిక్ మందును చెంచాతో పోస్తే ఆ జలుబు తగ్గదు సరికదా, ముక్కులోని లొంగే బ్యాక్టీరియా చచ్చి లొంగనివాటికి చోటు ఖాళీ అవుతుంది. ఇది నన్ను నిజంగా కలవరపెడుతోంది.

న్యుమోకాకస్ టీకా తప్పక వేయించాలి. అయితే వందకు పైగా ఉన్న న్యుమోకాకస్ రకాల్లో టీకా అడ్డుకునేవి కొన్నే. మొదటి ఏడు రకాల టీకా వచ్చాక అందులో లేని 19ఏ రకం పలుచోట్ల పెరిగింది. అందుకే పిల్లల నమూనాల్లోని బ్యాక్టీరియా జన్యుక్రమాన్ని క్రమం తప్పకుండా పరీక్షించి, ఏ మందు పనిచేస్తోందో వైద్యులకు ఎప్పటికప్పుడు తెలియజేయాలని ఆరోగ్య శాఖలను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు