పండ్ల మీద వేసే పూతలో ఈస్ట్‌కూ చోటివ్వాలి

సంపాదకులు గారికి,

పండ్లు కుళ్లిపోతున్నాయన్న మాట వచ్చినప్పుడల్లా చర్చ కోల్డ్ స్టోరేజీల దగ్గరే ఆగిపోతోంది. చలి బూజును నిదానింపజేస్తుందే తప్ప చంపదు. ఆపిల్‌ను పాడుచేసే నీలి బూజు సున్నా డిగ్రీల దగ్గర కూడా మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. కోత తర్వాత, దుకాణానికి చేరేలోపే ప్రపంచంలో దాదాపు 14 శాతం ఆహారం పోతోందని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) 2019లో లెక్కగట్టింది. ఇంత నష్టం జరుగుతుంటే ఇంకో దారి వెతకొద్దా?

మేలు చేసే ఈస్ట్‌లను, అంటే పిండిని పులియబెట్టే కోవకు చెందిన సూక్ష్మజీవులను, తినదగిన పూతలో కలిపి పండుకు పట్టించడం అలాంటి దారే. బూజు ఎక్కువగా గాయాల్లోంచే లోపలికి దిగుతుంది. కోసేటప్పుడు గోరు గీరుకున్నా, బుట్టలో ఒరుసుకున్నా చాలు. ఆ గాటులోకి ఈస్ట్ ముందుగా చేరితే అక్కడ ఊరే చక్కెరను తినేసి గబగబా పెరుగుతుంది. వెనకొచ్చిన బూజుకు మొలకెత్తడానికి తిండి మిగలదు. మెష్నికోవియా జాతి ఈస్ట్‌లు కొన్ని బూజు పెరగడానికి కావాల్సిన ఇనుము కూడా దానికి దక్కనివ్వవు. ఈస్ట్‌ను ఉత్త నీళ్లలో కలిపి చల్లితే ఆరిపోయి చాలావరకు చచ్చిపోతుంది. సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్ లాంటి పూతలో ఉంటే తేమ దొరికి, పండును అంటిపెట్టుకుని ఉంటుంది.

ఇది అన్ని బూజులకూ మందు కాదు. మామిడి మచ్చ తెగులు తోటలోనే కాయలో దాగి వస్తుంది, దాన్ని ఆపడం కష్టం. రొయ్యలు, పీతల పెంకుల నుంచి తీసే కైటోసాన్ పూతయితే కొన్ని రకాల ఈస్ట్‌లను కూడా చంపేస్తుంది. అమెరికాలో 1995లోనే కాండిడా ఓలియోఫిలా ఈస్ట్‌తో చేసిన మందుకు అనుమతి వచ్చింది. కానీ ఫలితం ఒక్కోచోట ఒక్కోలా ఉండటంతో మార్కెట్లో నిలవలేదు. అలాగని వదిలేయడం నాకు సబబుగా తోచదు. బూజును చంపే ఇమజాలిల్ లాంటి రసాయన మందులను ఏళ్ల తరబడి వాడేసరికి నిమ్మ జాతి పండ్ల పచ్చ బూజు వాటికీ అలవాటుపడిపోయింది.

అందుకే ప్రభుత్వాలు ఈ పరీక్షలను ల్యాబ్‌లోనే వదిలేయకుండా పండ్లను ఏరి పెట్టెల్లో సర్దే ప్యాక్‌హౌస్‌లలో సీజన్ పొడవునా చేయించాలి. పనిచేయని పూతల వివరాలూ బయటపెట్టాలి. బతికున్న సూక్ష్మజీవిని తినడమా అని జనం టెన్షన్ పడటం సహజమే. పండ్ల తొక్క మీద ఈస్ట్‌లు ఎప్పుడూ ఉండేవే అయినా, మన ఒంటి వేడిలో పెరగని రకాలనే ఎంచి అనుమతించాలి. ఏ పూత వేశారో, ఏ మందు వాడారో పెట్టె మీద కొనేవాళ్లకు అర్థమయ్యే భాషలో రాయాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు