కాటా చీటీ ఒక్కటే చూస్తే చాలదు

సంపాదకుల వారికి,

లారీ బోల్తా పడి సరుకు రోడ్డుపాలైన ప్రతిసారీ ‘ఓవర్‌లోడు’ అని రాసి ఊరుకుంటున్నారు. తనిఖీల్లోనూ అదే వరస. కాటా చీటీలోని మొత్తం బరువు రిజిస్ట్రేషన్ పత్రంలో రాసినదానికి లోబడి ఉంటే బండిని వదిలేస్తారు. మొత్తం సరిపోయినా, బరువైన ఇనుప చుట్టల్ని బాగా వెనక్కి పేరిస్తే వెనక ఇరుసు పరిమితి దాటుతుంది. ముందు చక్రాలు తేలికపడి స్టీరింగ్ మాట వినదు. అందుకే ఇరుసుల్ని విడివిడిగా తూచాలి.

ఇంతకంటే పెద్ద పొరపాటు సరుకును కట్టే బెల్టుల దగ్గర జరుగుతోంది. బెల్టుకు కుట్టిన చీటీ మీద ఎల్‌సీ 2,500 అని ఉంటే, నేరుగా లాగినప్పుడు సుమారు రెండున్నర టన్నులు తట్టుకుంటుందని అర్థం. అంత బరువుతో సరుకును నొక్కి పడుతుందని కాదు. చేత్తో రాచెట్ (బెల్టును బిగించే పిడి) బిగిస్తే నిలిచే బిగువు ఎంతో ఎస్‌టీఎఫ్ అన్న అంకె చెబుతుంది. మామూలు రాచెట్లలో అది 300 కిలోల దరిదాపుల్లో ఉంటుంది.

చెక్క నేల మీద టన్ను బరువున్న పెట్టె, ఘర్షణ గుణకం (నొక్కే బరువులో ఎన్నో వంతు జారకుండా పట్టి ఉంచుతుందో చెప్పే అంకె) 0.3 అనుకుందాం. గట్టిగా బ్రేకు వేస్తే ముందుకు తోసుకొచ్చే బలానికి లెక్క బరువులో 0.8 వంతు, అంటే 800 కిలోలు. ఘర్షణ ఆపేది 300. మిగతా 500 బెల్టులే చూసుకోవాలి. పెట్టె మీదుగా వేసి నిలువుగా దించిన బెల్టు రెండు పక్కలా కలిపి 600 కిలోలు నొక్కినా, దానితో పెరిగే పట్టు 180 మాత్రమే. కనీసం మూడు బెల్టులు కావాలి, భద్రతకు నాలుగు. బెల్టు నేలకు 30 డిగ్రీల ఏటవాలుగా దిగితే అది నొక్కే బలం సగానికి పడిపోతుంది. అదే పెట్టె కింద 0.6 గుణకం ఉన్న రబ్బరు చాప పరిస్తే ఒక్క బెల్టుతో లెక్క తీరిపోతుంది, పెట్టె పక్కకు తిరక్కుండా రెండోది వేస్తే చాలు. ఇంత చవకైన చాపను ఎందుకు వాడరో అర్థం కాదు.

ముడేసిన బెల్టు, అంచు తెగిన బెల్టు ఉంటే బండిని అక్కడే ఆపాలి. పైపుల కింద చెక్క దిమ్మెలు మేకులతో బిగించారా, సరుకుకీ ముందు గోడకీ మధ్య ఖాళీ ఉందా చూడాలి. టార్పాలిన్ వానకే తప్ప లోడును పట్టి ఉంచడానికి కాదు.

బయలుదేరిన కొద్ది దూరానికే సరుకు సర్దుకుని బెల్టులు వదులవుతాయి. తనిఖీ చేసేవారు ఒక్కో బెల్టునూ చేత్తో లాగి చూడటానికి నిమిషం పట్టదు. టార్పాలిన్ విప్పించడానికే కాస్త ఓపిక కావాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు