హెడ్ నర్సు అధికారాలు కాగితం మీదికి రావాలి

సంపాదకులకు నమస్కారం.

వార్డు ఇన్‌చార్జులైన హెడ్ నర్సుల్లో నాయకత్వ లక్షణాలు పెంచాలని ఏటా మే 12న నర్సుల దినోత్సవ వేదికల మీద వింటూనే ఉంటాం. శిక్షణ పెట్టి సర్టిఫికెట్లు కూడా ఇస్తారు. మర్నాడు వార్డులో ఆమె చేతిలో ఏముందో మాత్రం చూడరు. ప్రభుత్వాస్పత్రిలో ఆమె బాధ్యతలకు రిజిస్టర్లున్నాయి. అధికారాలకు ఒక్క కాగితమూ లేకపోతే ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

చిక్కు పదోన్నతి వచ్చిన రోజే మొదలవుతుంది. ఏళ్ల తరబడి రోగుల దగ్గర పనిచేసిన మనిషికి ఒక్క పూటలో వార్డు చార్జి అప్పగిస్తారు. స్టాక్ రిజిస్టర్‌లో 60 దుప్పట్లుంటే అల్మారాలో 41 తేలాయనుకోండి. పాత ఇన్‌చార్జి అప్పటికే రిలీవై వెళ్లిపోయారు. సంతకం పెడితే ఆ 19 దుప్పట్ల లోటు కొత్తావిడ మెడకు చుట్టుకుంటుంది. పెట్టకపోతే చార్జి తీసుకోవడం లేదని మెమో. రిటైరయ్యేనాడు బాకీలేమీ లేవనే నో డ్యూస్ సర్టిఫికెట్ ఆగిపోతుందేమోనన్న బెంగ ఆ రోజే పట్టుకుంటుంది. చిరిగిన దుప్పట్లు, విరిగిన ఐవీ స్టాండ్లు, పాడైన బీపీ మిషన్లు మూటకట్టి వార్డు మూలల్లో ఏళ్లకేళ్లు దాచేది అందుకే. కండెమ్నేషన్ కమిటీ కూర్చుని లెక్కలోంచి కొట్టేసేదాకా వాటిని ఆమె పారేయడానికి వీల్లేదు. ఆ కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో ఆమె చేతిలో లేదు.

చార్జి అప్పగింతకు కనీసం వారం గడువివ్వాలి. పాత, కొత్త ఇన్‌చార్జులు, స్టోర్స్ నుంచి ఒకరు కలిసి వస్తువు వస్తువూ లెక్కపెట్టాలి. తేడా వస్తే అదే రోజు రిజిస్టర్‌లో రాసి ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) సంతకం తీసుకోవాలి. కండెమ్నేషన్ ఆర్నెల్లకోసారి జరగాలి.

రెండోది డ్యూటీ రోస్టర్. 30 పడకల వార్డు తీసుకుందాం. బోధనాస్పత్రి జనరల్ వార్డులో మూడు పడకలకొక నర్సు, పైన సెలవుల కోసం 30 శాతం ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. అంటే 13 మంది. అక్కడ ఎనిమిది మందే ఉంటే, మనిషికి వారానికి ఆరు చొప్పున 48 డ్యూటీలు. రోజుకు ఏడు కూడా పడవు. ఉదయం ముగ్గురు, మధ్యాహ్నం ఇద్దరు, రాత్రి ఇద్దరు అనుకున్నా వారంలో ఒక రోజు ఒకరు తగ్గుతారు. నైట్ డ్యూటీల తర్వాత ఇచ్చే సెలవులు, నైట్ ఆఫ్‌లు ఇస్తే ఇంకా తగ్గుతుంది. ఒకరు ప్రసూతి సెలవు పెడితే ఇక చెప్పనక్కర్లేదు. ఇంత అవస్థపడి వేసిన రోస్టర్‌ను ‘ఆవిడకు నైట్ వేయొద్దు’ అని ఒక ఫోన్ తారుమారు చేస్తుంది. ఆ నైట్‌లు పడ్డ మిగతావాళ్లు నిలదీసేది ఫోన్ చేసినవాళ్లను కాదు, హెడ్ నర్సునే. నర్సింగ్ సూపరింటెండెంట్ సంతకం అయ్యాక మార్పు హెడ్ నర్సు ద్వారానే, కారణం రాసే జరగాలి. షిఫ్టుకు ఎంతమంది రోగులు, ఎంతమంది నర్సులో రోజూ రాసి ఒక కాపీ పైకి పంపే పద్ధతి ఉండాలి. అనుకోనిది జరిగి విచారణ వచ్చినప్పుడు ఆమెను కాపాడేది ఆ కాగితమే.

శానిటేషన్, పేషెంట్ కేర్ సిబ్బంది ఏజెన్సీవాళ్లు. పని చెప్పేది హెడ్ నర్సు, హాజరు వేసేది ఏజెన్సీ సూపర్‌వైజరు. ఆస్పత్రి చెత్త వేరుచేసేటప్పుడు ఎర్ర సంచిలో పడాల్సిన ఐవీ సెట్లు పసుపు సంచిలో పడితే సంజాయిషీ మాత్రం ఆమెనే అడుగుతారు. ఏజెన్సీ నెల బిల్లు పాసవ్వాలంటే షిఫ్టులవారీ హాజరుపై హెడ్ నర్సు ధ్రువీకరణ తప్పనిసరి చేసి చూడండి, మాట విలువ తెలుస్తుంది.

ఎమర్జెన్సీ ట్రాలీలో లారింగోస్కోప్ (శ్వాసనాళంలో ట్యూబు వేసేటప్పుడు గొంతు చూసే పరికరం) బల్బు వెలగదు. బ్యాటరీలు కావాలని స్టోర్స్‌కు ఇండెంట్ (కోరిక పత్రం) పెడితే ‘లేవు’ అని నోటిమాటతో తిప్పి పంపుతారు. ట్యూబు వేయాల్సిన నిమిషంలో డాక్టరు కోప్పడేది సిస్టర్ మీదే. ఇండెంట్ మీదే ‘లేదు’ అని తేదీతో రాసి సంతకం పెట్టాలి. ఇలాంటి చిల్లర కొనుగోళ్లకు వార్డుకు నెలకు రెండు వేల రూపాయలు, బిల్లుల లెక్క మీద, హెడ్ నర్సు చేతికివ్వాలి.

ప్రైవేటు ఆస్పత్రుల ఇన్‌చార్జుల కష్టం వేరు. 200 పడకలు దాటినచోట నర్సులకు ప్రభుత్వ స్థాయి జీతాలివ్వాలని సుప్రీంకోర్టు ఆదేశంపై వేసిన కమిటీ 2016లోనే సిఫారసు చేసింది. ఆ జీతాలు రానిచోట, పని నేర్పిన పిల్లలు మంచి అవకాశం రాగానే వెళ్లిపోతుంటే ఇన్‌చార్జి ఎవరిని ఆపగలదు?

శిక్షణ వద్దనడం లేదు. పదోన్నతికి ముందే ఓ పది రోజులు ఇవ్వండి. రోస్టర్ లెక్క, మందుల స్టాక్ చూసే ఆన్‌లైన్ వ్యవస్థ ఈ-ఔషధిలో ఇండెంట్, స్టాక్ తనిఖీ, మెమోకు సంజాయిషీ రాయడం, చార్జి లిస్టులో తేడా వస్తే ఏ వాక్యం రాసి సంతకం పెట్టాలి, ఇవి నేర్పండి.

– విశ్రాంత నర్సింగ్ సూపరింటెండెంట్, వరంగల్