చిట్టీ, ఆ జిగ్‌జాగ్ కత్తెర జాగ్రత్త

చిట్టీ,

ఫోన్ ఎత్తట్లేదు కదా అని పొద్దున్నే కూర్చుని టైప్ చేస్తున్నా, వీలైనప్పుడు చదువుకో. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ నాన్నకి బీపీ మాత్ర మార్చారు, గౌరి పిన్ని మోకాలు కాస్త నయం, పెరట్లో కరివేపాకు మళ్ళీ చిగురేసింది.

నువ్వు స్టేటస్‌లో పెట్టిన కత్తెర ఫోటో పెద్దది చేసి చూశా. నల్ల పిడి, పళ్ళ మీద మెరుపు ఇంకా పోలేదు, రేకు మీద విస్, నెవార్క్ అని చెక్కి ఉంది. మీ నాన్న వెంటనే వెతికి చదివి వినిపించారు, 1848లో జేకబ్ విస్ అని స్విట్జర్లాండ్ నుంచి వచ్చినాయన ఆ ఊళ్ళోనే మొదలుపెట్టిన కంపెనీ అంట. నువ్వున్న న్యూజెర్సీలోనే పుట్టిన కత్తెర అన్నమాట! పాత సామాన్లలో ఐదు డాలర్లకి దొరికిందంటే అదృష్టమే, అంత బరువైన ఉక్కు ఇప్పుడెక్కడొస్తోంది.

ఆ ఫోటో మీకు మంగళవారం మధ్యాహ్నం రెండింటికి పెట్టావ్. సెలవేమో అనుకున్నా.

సరే, కత్తెర సంగతి. దాంతో ముందే బట్ట కత్తిరించేయకు, కొలత తప్పుతుంది. మామూలు కత్తెరతో కోసి, కుట్టేసి, ఆ తర్వాత లోపలి మార్జిన్ అంచుకి మాత్రం ఇది వాడు. తిన్నగా కోస్తే అంచు పొడుగునా ఉన్న పోగు మొత్తం ఊడొచ్చేస్తుంది, పళ్ళు పళ్ళుగా ఏటవాలుగా కోస్తే ఆ పోగు ఎక్కడికక్కడ చిన్న ముక్కలైపోతుంది, లాగినా పెద్దగా రాదు. కాటన్‌కి బాగుంటుంది. జార్జెట్టుకీ వదులు నేత బట్టకీ దీన్ని నమ్ముకోకు, వాటికి అంచు చుట్టూ దారం అల్లే ఓవర్‌లాక్ కుట్టు వేయించాల్సిందే. కొస దాకా మూసేయకు, కొంచెం ముందే ఆపి, కోసిన గాట్లలో రెండు మూడు పళ్ళు సరిగ్గా కూర్చోబెట్టి మళ్ళీ మొదలుపెట్టు, లేకపోతే అంచు ఎలక కొరికినట్టుంటుంది. గుండ్రటి మెడకి లైనింగ్ వేసి తిప్పేటప్పుడు కూడా ఇది మంచిది, విడిగా గాట్లు పెట్టక్కర్లేకుండా మెడ చక్కగా పడుకుంటుంది. రెండు రేకులూ కలిసే స్క్రూ దగ్గర మిషను నూనె ఒక్క చుక్క వేసి, పాత గుడ్డ రెండు మూడుసార్లు కోసి, ఆ తర్వాతే కొత్త బట్ట ముట్టుకో.

మొన్న బుజ్జి వాళ్ళ గృహప్రవేశంలో సరోజ అత్తయ్య కనిపించి, "మీ చిట్టి వాళ్ళ ఆఫీసులో చాలామందిని తీసేశారంట కదా" అంది. నాకేం తెలీదు వదినా అన్నా. ఉద్యోగం పోతే మీ వీసా వాళ్ళకి 60 రోజులే టైమంట, అదీ ఆవిడే చెప్పింది. నేను నమ్మలేదు. అలాంటిదేదైనా ఉంటే నువ్వు ముందు నాకే చెప్తావ్ కదా.

కాగితాలు మాత్రం దాంతో కొయ్యకు, పళ్ళు మొద్దుబారిపోతాయి. మొద్దుబారినా దారిన పోయే వాళ్ళకి సానకి ఇవ్వకు. ఈ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. 86 గోదావరి వరదల ఏడాది, పెద్దమామయ్య వైజాగ్ నుంచి అమ్మమ్మకి ఇలాంటిదే తెచ్చాడు. వరదకి మంచం కింద పెట్టెలో బట్టలన్నీ నానిపోయాయి, ఆ కత్తెర మాత్రం అమ్మమ్మ అటక మీద దాచింది. దసరాకి మా నలుగురికీ దాంతోనే జాకెట్లు కుట్టింది. సంక్రాంతికి అది సరిగ్గా తెగట్లేదని, ఆవిడ గుడికెళ్ళినప్పుడు నేను సైకిలు మీద సాన పట్టే అతన్ని పిలిచి ఇచ్చేశా, సంతోషిస్తుందని. అతను మామూలు కత్తెర లాగే పళ్ళ మీద చక్రం పట్టేశాడు, నిప్పురవ్వలు లేస్తుంటే గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నా. పై పళ్ళూ కింది పళ్ళూ ఒకదాంట్లో ఒకటి కూర్చుంటేనే అది తెగేది. అవి అరిగిపోయాక ఇంక బట్టని నమలడమే. సాన పట్టాలన్నా పళ్ళ జోలికి పోకుండా రెండు రేకులూ ఆనుకునే చదును వైపే పట్టాలంట, అది తెలిసిన వాళ్ళే చెయ్యాలి. అమ్మమ్మ ఒక్క మాట అనలేదు. దాన్ని పాత చీర ముక్కలో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టేసింది. మూడు రోజులు మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది, ఆ మూడు రోజులూ నాకు అన్నం సహించలేదు.

నీకూ అమ్మమ్మ పోలికే వచ్చింది, మనసులో ఏదైనా ఉంటే నోరు మూసుకుంటావ్. ఇవాళ్టికి పదహారో రోజు.

డబ్బు గురించైతే ఆలోచించకు, ఫిక్స్‌డ్ ఉంది, అది నీదే. వచ్చేయమని కూడా అనట్లేదు. వేళకి తిను, ఉత్త బ్రెడ్డుతో సరిపెట్టకు, ఉన్ని సాక్సులు వేసుకో. ఆ కత్తెర ఒళ్ళో పెట్టుకుని నిద్రపోకు, కిందపడితే పళ్ళు తప్పుకుంటాయి, కాలి మీద పడితే ఇంకా ఘోరం.

రాత్రి ఫోన్ సౌండు పెట్టుకునే పడుకుంటున్నా. అక్కడ ఎన్నింటికైనా సరే చెయ్యి.

అమ్మ