నిగూఢమైన మేడ, తళతళలాడే గొళ్లెం

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధాల్లో వచ్చే అపరాధ పరిశోధన కథల్లో ఒక సంగతి పంటికింద రాయిలా తగులుతోంది. పాడుబడ్డ మేడ నిగూఢమైనది, పక్కన మర్రిచెట్టు నిగూఢమైనది, చివరికి మెట్ల కింద పిల్లి చూపు కూడా నిగూఢమైనదే. కొత్తగా రాసేవారికి పనికొస్తుందని నిగూఢం, రహస్యం, గుట్టు వంటి మాటల గురించి నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఇవి ఒకదానికొకటి బదులు వాడుకునే మాటలు కావు. గూఢం అంటే కప్పి ఉన్నది. ‘గుహ’ది కూడా అదే ధాతువు. శవం నట్టింట్లో పడి ఉంటే ఆ హత్య నిగూఢం కాదు, దాని వెనక కారణం నిగూఢం. ‘రహస్యం’ మూలంలో ఏకాంతం ఉంది కనుక అది కనీసం ఒకరికి తెలిసి ఉండాలి. ‘గుట్టు’కు కాపలాదారులుంటారు, బయటపడితే పరువు పోయేవాళ్లుంటారు. ఇంటిగుట్టు లంకకు చేటు అన్నది అందుకే. ‘మర్మం’ అసలు అర్థం దెబ్బ తగిలితే ప్రాణం మీదికి వచ్చే చోటు. ఆయుర్వేదం ఒంట్లో అలాంటివి 107 అని లెక్క చెబుతుంది. ‘మర్మంగా నవ్వాడు’ అంటే కడుపులో ఏదో పెట్టుకుని నవ్వాడని. ‘మార్మికం’ దారి వేరు, అది తత్వానికీ కవిత్వానికీ చెందింది. ‘మార్మికమైన దొంగతనం’ అని రాస్తే దొంగ కాస్తా యోగి అయిపోతాడు. ఇక ‘అయోమయం’ వస్తువుకు అంటదు, చూసేవాడి బుర్రకే అంటుతుంది.

కాబట్టి మాట ఎంచుకునే ముందు దాచింది ఎవరని అడగాలి. మనిషి దాస్తే గుట్టు, రహస్యం. కాలమో లోతో దాస్తే నిగూఢం, అంతుచిక్కనిది. ఎవరూ దాచకపోయినా ఎవరూ పట్టించుకోక మిగిలిపోయిందా? దానికి ‘ఎవరూ అడగని’ అంటే చాలు.

ఈ ‘అడగని’లాంటి మాటల దగ్గరే కాస్త ఆగాలి. తెరవని, చెప్పని, ఆరని, తిరిగి రాని, అంతుపట్టని: క్రియకు ‘ని’ చేర్చి కాదనే ఈ విశేషణాలు తెలుగులో ఎంత కావాలంటే అంత పుడతాయి. వీటిలో జరగాల్సిన పనీ, అది జరగలేదన్న సంగతీ రెండూ ఉంటాయి. ‘రహస్యమైన ఉత్తరం’ కంటే ‘విప్పని ఉత్తరం’ బరువైనది. ఎందుకు విప్పలేదన్న ప్రశ్న దాంట్లోనే ఉంది మరి.

ఉదాహరణకు ‘ఆ భయానకమైన, రహస్యమైన, పురాతనమైన భవనంలో ఏదో తెలియని మిస్టరీ దాగి ఉంది’ అన్న వాక్యం తీసుకోండి. మూడు ‘మైన’లు దాటితే గానీ భవనం కనబడదు. తెలుగులో విశేషణం నామానికి ముందే రావాలి కాబట్టి ఇలా పేర్చినకొద్దీ పాఠకుడు గుమ్మం బయటే నిలబడాలి. ‘ఏదో’ అన్నాక ‘తెలియని’ దండగ. మిస్టరీ అన్నాక ‘దాగి ఉంది’ కూడా దండగే. దీన్నే ఇలా రాసి చూడండి: ‘మేడ మీద మూడేళ్లుగా తెరవని గది. గొళ్లెం మాత్రం తళతళలాడుతోంది.’ తెరవకపోతే గొళ్లెం తుప్పు పట్టాలి. రోజూ చెయ్యి పడుతుంటేనే మెరుస్తుంది. ‘తెరవని’ అన్న మాటను గొళ్లెం అబద్ధం చేసింది. భయానకమని మనం చెప్పనక్కర్లేదు.

చీకటి విషయంలోనూ పొరపాటు జరుగుతోంది. చిమ్మచీకటిలో ఏమీ కనబడదు, కాబట్టి అక్కడ అనుమానించడానికీ ఏమీ ఉండదు. మునిమాపు వేళ, గుడ్డిదీపం వెలుతురు, మసక అద్దం వంటివి సగం చూపించి సగం దాస్తాయి.

చిత్తుప్రతి అయ్యాక ‘మైన’తో ముగిసే మాటలన్నిటి కింద గీత గీయండి. పేజీకి రెండు దాటితే మిగతావి కొట్టేసి, పైకి చదవండి. ‘ఏదో, ఎవరో, ఎందుకో’లు సన్నివేశానికి ఒకటి మించితే అనుమానం కాస్తా నసుగుడుగా మారుతుంది. కథ చెబుతున్నది ఎవరో కూడా చూసుకోవాలి. పల్లెటూరి ముసలమ్మ ‘నిగూఢమైన’ అనదు, ‘ఆ ఇంటి సంగతి నరమానవుడికి తెలీదు’ అంటుంది. కానిస్టేబులైతే ‘కేసు తేలలేదు’ అంటాడు.

న్యాయం మాట కూడా ఒకటుంది. వంటవాడి నవ్వు ‘కుటిలమైనది’ అని రచయితే చెప్పి, చివర్లో అతడు అమాయకుడని తేలిస్తే పాఠకుణ్ణి మోసం చేసినట్టే. అదే మాటను ఇంటి యజమానురాలి నోట పెట్టండి. అప్పుడది ఆమె అపోహ అవుతుంది, ఎవరికీ అభ్యంతరం ఉండదు.

చివరగా వార్తల పేజీ గురించి. ‘వీడని మిస్టరీ’ శీర్షికలో ‘వీడని’ నిజానికి ముడిని తలపించే చక్కని మాట. రోజూ వాడి అరగదీశాం. ‘అనుమానాస్పద మృతి’ అనేది వర్ణన కాదు, పోలీసు రికార్డులో మాట. ఒకప్పుడు సీఆర్‌పీసీ (నేర విచారణ ప్రక్రియా స్మృతి) 174వ సెక్షన్, 2024 జులై 1 నుంచి దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 194వ సెక్షన్ కింద జరిగే విచారణ తాలూకు మాట. దాన్ని అలాగే ఉంచండి. దాని పక్కన ‘మిస్టరీ’ చేర్చే బదులు ‘పోస్టుమార్టం నివేదిక ఇంకా రాలేదు’ అని రాయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం