హోటల్లో దెబ్బ తగిలితే ఆ రోజే రాయించండి

అన్నలూ, అక్కలూ, నిన్న ఒక తమ్ముడు గ్రూపులో పెట్టిన చేతి ఫొటో చూశాక రాత్రి నిద్ర పట్టలేదు. పూరీల బాణలి ఒరిగి మణికట్టు నుంచి మోచేతి దాకా బొబ్బలు. ఓనరు 500 చేతిలో పెట్టి ఇంటికి పొమ్మన్నాడట. అది పరిహారం కాదు తమ్ముడూ.

పది మందికి తగ్గకుండా పనిచేసే హోటలై, జీతం నెలకు 21,000 దాటకపోతే ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) వర్తిస్తుంది. వైద్యం ఉచితం, డాక్టర్ రాసిన సెలవుకు జీతంలో సుమారు 90 శాతం వస్తుంది. పనిలో చేరి వారమే అయినా సరే. హోటల్లో ప్రమాదాలు రాసే పుస్తకంలో, అంటే యాక్సిడెంట్ రిజిస్టర్‌లో ఈరోజే రాయించి, ఆ పేజీ ఫొటో తీసుకో. ఆస్పత్రి చీటీలు పారేయకు.

ఈఎస్ఐ వర్తించని చోటైతే లేబర్ ఆఫీసులో రెండేళ్లలోపు క్లెయిమ్ వేయాలి. టెన్షన్ పడకు, రేపు షిఫ్టుకు ముందు నేనూ నీతో వస్తా.