ఆటల గ్రాంటు జూన్‌లో ఇవ్వండి, ఫిబ్రవరిలో కాదు

రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖ మంత్రులకు,

నమస్కారం. కేంద్రం, రాష్ట్రాలు కలిసి బడుల కోసం నడిపే సమగ్ర శిక్ష పథకం కింద ఆట సామానుకు ఏటా ప్రాథమిక పాఠశాలకు 5,000, ప్రాథమికోన్నత పాఠశాలకు 10,000, ఉన్నత పాఠశాలకు 25,000 రూపాయల దాకా ఇవ్వొచ్చు. అందులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రానిది 40. చిన్న మొత్తమే అయినా వేళకు అందితే చాలా పని జరుగుతుంది.

బడులు తెరిచేది జూన్‌లో. డబ్బు చాలాచోట్ల పడేది పదో తరగతి పరీక్షల హడావుడిలో. మార్చి 31లోగా ఖర్చు చూపకపోతే వెనక్కి పోతుంది కాబట్టి హెడ్మాస్టర్లు దొరికిన కొట్లో దొరికిన కిట్ కొంటారు. అది వేసవంతా బీరువాలో మగ్గుతుంది. జూన్‌లో తీసి చూస్తే బంతుల్లో గాలి ఉండదు, బ్లాడర్లు అతుక్కుపోయి ఉంటాయి.

పైనుంచే కిట్లు పంపినా ఇబ్బంది తీరదు. వాలీబాల్ వస్తుంది, గాలి కొట్టే సూది రాదు. ఆ సూది లేక కొత్త బంతి మూలన పడుతుంది. లాంగ్‌జంప్ గుంత సంగతే చూడండి: 2.75 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల పొడవు, అడుగు లోతు అనుకుంటే ఆరున్నర ఘనపు మీటర్ల ఇసుక, అంటే రెండు ట్రాక్టర్లకు పైనే కావాలి. తరచూ తవ్వి గుల్ల చేయకపోతే వానకు గట్టిపడి పిల్లల చీలమండలు బెణుకుతాయి. ఇసుక ఏ కిట్‌లోనూ రాదు కదా! ఖోఖో స్తంభాలు ఊరి వడ్రంగే చేసిస్తాడు: నేల పైకి 120 సెంటీమీటర్లు, ఎక్కడా పదును లేకుండా నున్నగా.

అందుకే సగం గ్రాంటు జూన్‌లో, మిగతాది దసరా తర్వాత విడుదల చేయండి. పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానంతో బడినే కొనుక్కోనివ్వండి. ఇసుక, ఎర్రమట్టి, గీతలకు సున్నం, పంక్చర్లు కూడా ఈ ఖర్చు కిందికే వస్తాయని ఉత్తర్వులో విడమరిచి రాయండి. ఆ మాట రాసి లేకపోతే ఆడిట్‌కు భయపడి ఎవరూ ముట్టుకోరు.

ఇంకొకటి, మనుషుల విషయం. 6 నుంచి 8 తరగతుల్లో 100 మందికి మించి పిల్లలుంటే చిత్రకళకు, వ్యాయామానికి, పని విద్యకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెబుతోంది. వాళ్లు లేని బడిలో ఆటల పీరియడ్ లెక్కల రివిజన్‌కు పోతుంది, రంగుల డబ్బాలు ఎండిపోతాయి. పిల్లలకు హక్కుగా రావాల్సిన గంట అది. ఈ పోస్టులు నింపి, జీతం నెలనెలా పడేలా చూడండి.

గ్రాంటు ఉత్తర్వు వేసవి సెలవుల్లోనే వస్తే, బడి తెరిచిన వారానికి గుంతలో ఇసుక దిగుతుంది.

ఇట్లు,
ప్రభుత్వ పాఠశాలల్లో పనిచేస్తున్న కొందరు వ్యాయామ ఉపాధ్యాయులు